మూడు పిల్లలు, ముగ్గురు పిల్లలు

కువైట్‌లో ఇసుక తప్ప ఏముంటుంది అని ఎవరైనా అంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. చూడనివాళ్ళు అంటే పోనీలే అనుకోవచ్చు. పదేళ్ళు, పదిహేనేళ్ళు అక్కడ ఉండి వచ్చినవాళ్ళే అంటారు. మొన్న కడప బస్సులో నా పక్క సీటాయన అక్కడి ఎగైలాలో పన్నెండేళ్ళు డ్రైవరుగా చేశాడట. ఒక పిట్ట లేదు, ఒక పురుగు లేదు, పాడు దేశమని ఎక్కినప్పటినుంచి దిగేదాకా చెబుతూనే ఉన్నాడు. ఎప్పుడైనా తల పైకెత్తి చూశావా అని అడగబోయి మానుకున్నాను. పన్నెండేళ్ళూ రోడ్డు వైపే చూసిన మనిషిని అని ఏం లాభం? మరి అక్కడి ఇళ్ళవాళ్ళకేమైంది? వాళ్ళ చెట్టు మీద, వాళ్ళ గోడ మీద వాలే పిట్టను వాళ్ళూ చూడలేదు. నేను చూశాను. చూసినందుకు నాకేం జరిగిందో చెబుతాను.

నేను కువైట్‌లో రుమైథియా అనే పేటలో ఒకే ఇంట్లో ఏడేళ్ళు పనిచేశాను. అక్కడ పనిమనిషి ఇంటావిడను మామా అని పిలవాలి. మామ అంటే మీసాలున్న మనిషే గుర్తొచ్చే నాకు మొదటి నెలంతా ఆ పిలుపుకు నవ్వొచ్చేది. మా మామాకు యూనివర్సిటీలో చదివే పెద్దకూతురు, ఆమె తర్వాత చాలా ఎడంగా పుట్టిన ముగ్గురు చిన్నపిల్లలు. ఇంటి వెనక రెండు కార్లు పట్టేంత పెరడు. అందులో ఒక రేగుచెట్టు, రెండు ఖర్జూరాలు, గోడ నిండా పాకిన కాగితాల పూల తీగ, నేను బట్టలారేసే తాళ్ళు. ఏసీ పైపులోంచి చుక్కచుక్కగా నీళ్ళు పడేచోట ఒక ప్లాస్టిక్ తొట్టి పెట్టారు. నేల పాడవకుండా పెట్టిన తొట్టి అది, పిట్టల కోసం కాదు. అయినా ఎండాకాలంలో ఆ వీధి పిట్టలన్నీ ఆ తొట్టి దగ్గరే.

ఆ పెరట్లో నేను పద్నాలుగు రకాల పిట్టలను చూశాను. పిచ్చుకలు, గోరింకలు, గువ్వలు సరే, అవి ఎక్కడైనా ఉంటాయి. ఖర్జూరం గెలలమీద రామచిలకలు వాలేవి. చలి తగ్గే రోజుల్లో తలమీద కుచ్చున్న పిట్ట ఒకటి దిగి, పొడుగు ముక్కుతో మట్టి కెలికి పురుగుల్ని లాగేది. కంటికి నల్లగంత కట్టినట్టుండే ఒక బూడిదరంగు పిట్ట బల్లిని పట్టుకొచ్చి రేగుముల్లుకు గుచ్చి, తాపీగా పీక్కుని తినేది. అది మొదటిసారి చూసినరోజు చేతిలో ఉన్న బకెట్ కింద పెట్టి అట్లాగే నిలబడిపోయాను. లోపలినుంచి మామా యల్లా యల్లా అని కేకేసేదాకా కదల్లేదు. ఆలస్యమెందుకైందని అడిగితే చేత్తో చూపించాను. ఆవిడ చెట్టువైపు చూసి, మళ్ళీ నావైపు చూసి, నాకు జ్వరమేమోనని నుదురు ముట్టి చూసింది.

డిజిటల్ కెమెరాలు పాతబడి, అందరూ ఫోన్లలోనే ఫొటోలు తీయడం మొదలైన రోజులవి. పెద్దకూతురు తన కెమెరాను వంటింటి చెత్తబుట్టలో పడేసింది. వెనక ఉండే చిన్న తెర నల్లబడిపోయింది, అందుకని. నేను దాన్ని బయటికి తీసి తుడిచి, తీసుకోనా అని మామాను అడిగాను. ఆవిడ టీవీ మీదినుంచి చూపు తిప్పకుండా తీసుకోమని చెయ్యి ఊపింది. ఆ ఇంటి డ్రైవర్ మా రాయచోటి వైపు మనిషే, వయసులో పెద్దవాడు. అన్నా అని పిలిచేదాన్ని. ఆయనకు చూపిస్తే తిప్పి తిప్పి చూసి, "తెర పనిజేయకపోతే ఏం దీసినావో నీకెట్లా తెలుచ్చాదిమ్మా?" అన్నాడు. తెర లేకపోయినా పైన కన్ను పెట్టి చూసే చిన్న కంత ఉంది. బొమ్మలన్నీ లోపలి కార్డులో పడతాయి. కార్డు తీసుకెళ్ళి స్టూడియోలో ఇస్తే కాగితం మీద వేసి ఇస్తారు. నాకది చాలు.

మొదటి కార్డు అన్నే సాల్మియాలో స్టూడియోకు తీసుకెళ్ళాడు. తెచ్చిన ఫొటోలు చూసి నాకు ఏడుపొచ్చింది. ఒకదాంట్లో గోడ. ఒకదాంట్లో ఆకాశం. ఒకదాంట్లో పిట్ట ఎగిరిపోయాక మిగిలిన కొమ్మ. పిట్ట ఉన్న ఒక్కదాంట్లో అది గువ్వో పిచ్చుకో తెలియనంతగా అలుక్కుపోయింది. స్టూడియో అతను నవ్వాడని అన్న చెప్పాడు. నవ్వితే నవ్వాడు. నా చెయ్యి వణికిందని, తొందరపడ్డానని వాటిని చూస్తే నాకే అర్థమైంది.

తర్వాత నేను నేర్చుకున్నదంతా నాకు నేనే నేర్చుకున్నాను. రెండు దుప్పట్లు పక్కపక్కనే ఆరేసి, మధ్య సందులో నిలబడితే పిట్టలకు మనిషి కనపడదు. మోచెయ్యి తాడు కట్టిన ఇనుపగుంజకు ఆనించాలి. ఊపిరి పీల్చి, సగం వదిలి, ఆపి, అప్పుడు నొక్కాలి. పిట్ట తోక దించిన క్షణంలో ఎగరదు, తోక లేపితే ఎగురుతుంది. పొద్దున పదిన్నరకు ఎండ ఎదురుగోడకు తగిలి, ఆ వెలుతురు తీగమీద పడుతుంది. నేను దుప్పట్లు ఉతికే వేళను కూడా దాన్ని బట్టే మార్చుకున్నాను. ఇదంతా నాకు దొరికే పావుగంటలో. ఆ పావుగంట రోజు మొత్తంలో నా సొంతం.

ఏప్రిల్‌లో ఒక పిగిలిపిట్టల జంట కాగితాల పూల తీగలో గూడు కట్టింది. మన దగ్గర పిగిలిపిట్టకు తోక కింద ఎర్రగా ఉంటుంది. అక్కడిదానికి పసుపు, పైగా చెంపలు తెల్లగా సున్నం పూసినట్టుంటాయి. నల్లటి తల. గూడు ముళ్ళ మధ్య లోపలికి ఉంది, తీగను వేలితో పక్కకు నెడితే గానీ కనపడదు. మూడు గుడ్లు, గులాబీరంగు మీద ఎర్రమచ్చలు. ఒక్కొక్కటే పగిలి మూడు పిల్లలయ్యాయి. అడ్డమొచ్చే రెమ్మను దారంతో పక్కకు కట్టి, ప్రతిరోజూ ఆ సందులో నిలబడి తీశాను. తల్లి గూట్లో కూర్చుని ఉంటే దానిని బెదరగొట్టకూడదు, పిల్లలు చల్లబడిపోతాయి. అది మేతకు పోయినప్పుడే గబగబా రెండు తీసుకుని, వచ్చేదాకా కదలకుండా ఉంటే, మేత పెట్టేటప్పుడు ఇంకొకటి తీయొచ్చు. మొదటి కార్డు సంగతి మనసులో ఉంది. ఈసారి నాకు తీయడం వచ్చిందో రాలేదో తెలియాలి. ఇవి ఎగిరిపోగానే కార్డు స్టూడియోకు ఇస్తానని అన్న మాటిచ్చాడు. అంతదాకా ఈ గూటి ఫొటోల్లో ఒక్కదాన్నీ నేను చూడలేదు.

పిల్లలకు రెక్కలమీద ఈకలు నిండే రోజుల్లో ఒక శుక్రవారం మామా చెల్లెలు భోజనానికి వచ్చింది. తిన్నాక ఆడవాళ్ళందరూ పెరట్లో టీకి కూర్చున్నారు. నేను కప్పులు పెట్టి, వాళ్ళు మాటల్లో పడ్డారు కదా అని దుప్పట్ల సందులోకి పోయాను. చెల్లెలు చూసింది. రమ్మని పిలిచి, చేతిలో ఏమిటని, ఏం చేస్తున్నావని అడిగింది.

నన్ను ఆ సంగతి అడిగిన మొదటి మనిషి ఆవిడ. నాకు ఎంత సంతోషమేసిందంటే, నాకొచ్చిన వంటింటి అరబ్బీనంతా పోగుచేసి ఒక్క ఊపున చెప్పేశాను.

"సూర, యహాల్. తలాతా యహాల్. కిల్ యోమ్ మామా రూహ్ బర్రా, ఆనా సవ్వి సూర."

ఫొటో, పిల్లలు. మూడు పిల్లలు. రోజూ తల్లి బయటికి పోయినప్పుడు నేను ఫొటో తీస్తాను. నేను చెప్పాననుకున్నది ఇది.

మనకు పిట్టకు పుట్టినా పిల్లలే, పిల్లికి పుట్టినా పిల్లలే, మనిషికి పుట్టినా పిల్లలే. ఆ ఒక్క మాటతో లోకమంతా సరిపెట్టుకుంటాం. కానీ మన భాష అంత బుద్ధిలేనిదేం కాదు. మూడు పిల్లలంటే పిట్టలవి, ముగ్గురు పిల్లలంటే మనుషుల పిల్లలు. నేను తెలుగులో మూడు అనుకున్నాను. నోట్లోంచి తలాతా అని వచ్చేసరికి మూడూ ముగ్గురూ ఒకటైపోయారు. యహాల్ అంటే వాళ్ళకు మనుషుల పిల్లలే. మామా అంటే ఎదురుగా కూర్చున్న మామాయే. ఇంట్లో చిన్నపిల్లలు సరిగ్గా ముగ్గురే. మామా ఇల్లు వదిలి బయటికి వెళ్ళినప్పుడల్లా పనిమనిషి ఆవిడ పిల్లలకు రోజూ ఫొటోలు తీస్తోందని ఆ టీబల్ల చుట్టూ ఉన్నవాళ్ళందరికీ అర్థమైంది.

చెల్లెలి మొహంలో రంగు మారింది. ఎవరి కోసం తీస్తున్నావు అంది. నాకింకా తెలియలేదు, చూశారా. మా ఊళ్ళో మావాళ్ళకు చూపిస్తానని ఉత్సాహంగా చెప్పాను. అంతే. కెమెరా నా చేతిలోంచి లాక్కున్నారు. మామా లేచి నిలబడింది. కెమెరా ఎవరిచ్చారంది. నువ్వే తీసుకోమన్నావు కదా అంటే, చెయ్యి ఊపిన సంగతి ఆవిడకు గుర్తే లేదు. ముందు దొంగనయ్యాను, తర్వాత పిల్లల ఫొటోలు ఊళ్ళకు పంపేదాన్నయ్యాను. ఇఖామా రద్దు చేయిస్తామని, పోలీసులని, నన్ను పనికి కుదిర్చిన ఆఫీసువాడికి ఫోన్ చేయమని, ఒకరి మాట మీద ఒకరు. ఇఖామా అంటే అక్కడ ఉండనిచ్చే కాగితం, అది లేకపోతే ఆ దేశంలో నేను నిలబడిన నేల కూడా నాది కాదు. అంతకంటే, పిల్లల జోలికి పోయిన మనిషి అనిపించుకుని మా ఊరికి ఏ మొహంతో దిగాలి?

అప్పుడు అర్థమైంది. పిట్టలని చెప్పాలి. పిట్టను అరబ్బీలో ఏమంటారు? ఏడేళ్ళలో ఆ మాట నాకెవరూ నేర్పలేదు, అవసరమే రాలేదు. రెక్కలున్న వాటిలో నాకు తెలిసిన మాట ఒక్కటే. వంటింట్లో రోజూ వినేది, దియాయ్. అంటే కోడి. మనుషుల పిల్లలు కాదు, కోడి పిల్లలు, కోడి పిల్లలు అని వాళ్ళ ముందు రెండు చేతులూ ఆడించి చూపించాను. ఆ ఇంట్లో కోడి ఉన్నది ఫ్రిజ్‌లో మాత్రమే. నేను ఎగతాళి చేస్తున్నాననుకుని చెల్లెలు ఇంకా మండిపడింది. తీగ వైపు లాక్కెళ్ళి చూపిద్దామంటే, ముట్టుకోవద్దని నా చెయ్యి విదిలించింది.

గేటు దగ్గర అన్న నిలబడి ఉన్నాడు. ఆయనకు అరబ్బీ మాతృభాషంత బాగా వచ్చు. గూడు సంగతి తెలుసు. నేను తెలుగులో అరిచాను.

"అన్నా, పిట్టలని చెప్పన్నా. గూట్లో పిట్టలని జెప్పు వాళ్లకి."

అన్న తన చెప్పుల వైపు చూసుకుంటూ నిలబడ్డాడు. తర్వాత కారు తుడవడానికి పోయాడు. ఆ కారు పొద్దునే తుడిచాడు.

కెమెరా తెర పనిచేయదు కాబట్టి లోపలేముందో అప్పటికప్పుడు చూడటానికి లేదు. స్నేహితులతో బయటికెళ్ళిన పెద్దకూతురు వస్తే కంప్యూటర్లో పెట్టి చూద్దామన్నారు. ఆమె వచ్చేసరికి సాయంత్రం నమాజు వేళయింది. ఈలోపు నన్ను ఏ గదిలోనూ పెట్టి తాళం వేయలేదు. ఎందుకు వేస్తారు, పని ఉంది కదా. పదిమంది తిన్న పళ్ళాలు నాచేతే కడిగించుకున్నారు. నన్ను నమ్మకుండానే నాచేతి టీ రెండోసారి తాగారు. ముగ్గురు చిన్నపిల్లల్ని మాత్రం మేడమీద ఉంచి నా కంటపడనీయలేదు. ఆ ముగ్గురికీ ఏడేళ్ళుగా తల దువ్వింది నేను. చిన్నదానికి జ్వరమొస్తే మూడు రోజులు ఒళ్ళో పెట్టుకున్నది నేను. సింకు ముందు నిలబడి ఆ లెక్కలన్నీ తలుచుకుంటుంటే భయం పోయి కోపం మిగిలింది. గ్లాసు ఒకటి పగిలింది. కావాలనే పగలగొట్టానని ఇప్పుడు రాస్తున్నాను, అప్పుడు జారిందన్నాను.

పెద్దకూతురు వచ్చి, కెమెరా తానే చెత్తబుట్టలో వేశానని ముందు చెప్పింది. ఒక తప్పు పోయింది. ఆమె భోజనాల బల్లమీద కంప్యూటర్ పెట్టి కార్డు దూర్చింది. ఆడవాళ్ళంతా వెనక మూగారు. నేను వంటింటి గుమ్మంలో నిలబడితే భుజాల సందులోంచి తెర కనిపిస్తోంది. మొదటిది తీగ. రెండోది గుడ్లు. మూడోది తెల్లచెంపల పిట్ట, పక్కకు తిరిగి. చెల్లెలు పగలబడి నవ్వింది. బుల్‌బుల్ అంది. హిందీవాళ్ళలాగే వాళ్ళూ దాన్ని బుల్‌బుల్ అనే అంటారట, ఆ ముక్క తెలిసి ఉంటే నా బతుకు మధ్యాహ్నమే బాగుపడేది.

అప్పుడొచ్చాడు అన్న, పిలవగానే, చాలా ధైర్యంగా. అస్ఫూర్ మామా, అస్ఫూర్, అంటే పిట్టలు, మా భాషలో పిట్టపిల్లకూ మనిషిపిల్లకూ ఒకటే మాట అని వివరంగా విప్పి చెప్పాడు. అందరూ కళ్ళనీళ్ళొచ్చేలా నవ్వారు. మామా కూడా నవ్వింది. బాధపడొద్దని నా భుజం తట్టింది. చెల్లెలు తన సంచిలోంచి చాక్లెట్ల డబ్బా తీసి నా చేతిలో పెట్టింది. తప్పైపోయిందని మాత్రం ఒక్కరి నోటా రాలేదు. నేను దాని కోసమే ఎదురుచూస్తున్నట్టు కాసేపు నిలబడ్డాను.

చూడటం అక్కడితో ఆగలేదు. కార్డులో ఇంకేమైనా ఉందేమో చివరిదాకా చూద్దామంది చెల్లెలు. ఇదిగో ఇందులో వంటింటి కిటికీ పడింది, ఇందులో తాడుమీద మామా బట్టలు కనపడుతున్నాయి అంది. ఇంటి ఫొటోలు ఇంటి బయటికి పోకూడదు, అది వాళ్ళ పద్ధతి. ఆ రెండూ తీసేస్తే నేనేమీ అనకపోదును. ఏది ఉంచాలో ఏది తీయాలో ఎవరు చూస్తూ కూర్చుంటారు, అన్నీ తీసేయమంది మామా, ఖలాస్ అంది. పెద్దకూతురు లేచిపోతే చెల్లెలే కూర్చుని, మనిషెవరైనా ఉన్నారా అని ఒక్కొక్కటీ తెరిచి చూసి, ఒక్కొక్కటీ చెరిపేసింది. ఆ గూటి ఫొటోలను నేను మొదటిసారి చూసింది అప్పుడే. ఒకటి వచ్చేది, నేను మెడ చాచేదాన్ని, మీట నొక్కేది, పోయేది.

మధ్యలో ఒకటి వచ్చింది. నేను గుమ్మం దాటి ముందుకు పోయాను. "వాహిద్ మర్రా, మామా," అన్నాను. ఒక్కసారి, ఇంకొక్కసారి చూపించమని. అప్పటికే చెల్లెలి వేలు మీటమీద పడింది. పోయిందిగా, ఎక్కడనుంచి చూపించేది అన్నట్టు ఆవిడ రెండు చేతులూ తిప్పింది. పిట్టలు ఎక్కడికి పోతాయి, రేపు మళ్ళీ తీసుకో అని మామా నవ్వుతూ కెమెరా ఇచ్చేసింది. మర్నాటి పొద్దునకు గూట్లో ఒక పిల్లే ఉంది, మధ్యాహ్నానికి అదీ లేదు.

అన్నతో రెండు వారాలు మాట్లాడలేదు. ఆయనే ఒకరోజు కూరగాయల సంచులు దించుతూ కదిపాడు.

"ఇఖామా పోల్యా, ఉద్యోగం పోల్యా. పిట్టల బొమ్మలే గదమ్మా పొయ్యింది. ఊరకుండు."

"ఆ పొద్దే ఆ ఒక్కమాట జెప్పింటే అవీ పోయుండవు గదన్నా."

"నన్నెవరూ అడగల్యా," అన్నాడు.

ఇన్నేళ్ళలో ఈ కథను నాచేత ఎందరు చెప్పించుకున్నారో. పెళ్ళిళ్ళలో, పేరంటాల్లో, ఆ మామా కథ చెప్పు అంటారు. మామా బయటికి పోతే అన్నచోట ఒకసారి, కోడిపిల్లలన్నచోట ఒకసారి నవ్వుతారు. తర్వాత మామా ఏమందని అడుగుతారు, పోలీసులొచ్చారా అని అడుగుతారు, చాక్లెట్లు ఎట్లా ఉన్నాయని కూడా ఒకావిడ అడిగింది. ఆ ఫొటోలెట్లా వచ్చాయని ఒక్క మనిషి, నా కడుపున పుట్టినవాళ్ళతో సహా, అడగలేదు. అడగలేదు కాబట్టి నేనే చెబుతున్నాను.

నేను ఇంకొక్కసారి చూపించమన్నదాంట్లో తల్లి గూటి అంచున ఉంది. ఒక కాలు అంచుమీద, ఒక కాలు ముల్లు పక్కన. ముక్కున పచ్చటి పురుగు, దాని కాళ్ళు కూడా లెక్కపెట్టొచ్చు. కింద మూడు నోళ్ళు, లోపల ఎర్రగా, మూడూ పూర్తిగా తెరుచుకుని. గోడమీది వెలుతురు తిరిగొచ్చి దాని తెల్లటి చెంపమీద పడుతోంది. కిటికీ లేదు, బట్టలు లేవు, మనిషి నీడ లేదు. ఎక్కడా అలుక్కుపోలేదు. నా చెయ్యి వణకలేదు. ఆ ఫొటో చాలా బాగా వచ్చింది.